ఆ అంచు చెదిరే ఉండాలి

ఈ వ్యాసం ఒక అంచు గురించి. తెల్లని పలక మీద ఎర్ర నక్షత్రం ఉంది. ఎరుపు ఆగి తెలుపు మొదలయ్యే చోటు కత్తితో కోసినట్టు ఉండాలా, సన్నగా పొగ కమ్మినట్టు చెదిరి ఉండాలా? మా ఇంట్లో ఈ వాదన ఒక దాళ్వా పంట కాలమంతా నడిచింది. నక్షత్రం ఉన్నది ఎవరో వాడి వదిలేసిన పిన్‌బాల్ యంత్రం పక్కబల్ల మీద, అంటే దాని పెట్టెకు పక్కగోడలా ఉండే చెక్క మీద. వాదించినవాళ్లం ముగ్గురం: నేను, భీమవరంలో ఫ్లెక్సీ ప్రింటింగు దుకాణం నడిపే మా మేనల్లుడు, నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చే ఒక బోర్డు ఆర్టిస్టు గారు. నా పక్షం ముందే చెప్పేస్తాను. అంచు చెదిరే ఉండాలి. ఎందుకని అడిగితే కాస్త వెనక్కి వెళ్లి రావాలి.

పిన్‌బాల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇంటర్నెట్ సెంటరు. విండోస్ ఎక్స్‌పీతో పాటే 'స్పేస్ క్యాడెట్' అనే ఆట వచ్చేది. పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి గంట లెక్కన డబ్బు కట్టి కూర్చున్నవాళ్లు కూడా మిగిలిన నిమిషాలు దాని మీదే ఖర్చు చేసేవారు. అంతకుముందు తరం ఎరిగినది మేకులు కొట్టిన చిన్న బల్ల; స్ప్రింగు లాగి వదిలితే గోళీ మేకుల మధ్య దొర్లుకుంటూ ఏదో ఒక గదిలో పడేది. అసలు యంత్రాన్ని మన వైపు కళ్లారా చూసినవాళ్లు తక్కువ. నాలుగు ఇనుప కాళ్ల మీద నడుమెత్తున, ఆటగాడి వైపు కొంచెం వాలుగా నిలబడే చెక్కపెట్టె అది. పైన గాజు, దాని కింద దీపాలు, గోళీని ఎగదన్నే బంపర్లు. వెనుక నిటారుగా తలపెట్టె, దాని ముందు బొమ్మ గీసిన గాజు. ఆడేది 27 మిల్లీమీటర్ల ఉక్కు గోళీతో. బరువు 80 గ్రాముల దాకా ఉంటుంది. పక్క బొత్తాలు నొక్కితే చిన్న రెక్కల్లాంటి ఫ్లిప్పర్లు దాన్ని పైకి కొడతాయి. ఆశకొద్దీ పెట్టెను గట్టిగా కుదిపితే లోపల వేలాడే లోహపు గుండు చుట్టూ ఉన్న కడియానికి తగులుతుంది, 'టిల్ట్' అని ఆట అక్కడికి ఆగిపోతుంది.

చరిత్ర త్వరగా చెప్పేస్తాను. స్ప్రింగు ప్లంజరుతో మెరుగుపరచిన బల్లకు 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ పేటెంటు తీసుకున్నాడు. 1931లో గాట్లీబ్ కంపెనీ 'బాఫిల్ బాల్' తెచ్చింది. ఆర్థిక మాంద్యంలో చిల్లర డబ్బుతో దొరికే వినోదం కాబట్టి విపరీతంగా అమ్ముడుపోయింది. ఫ్లిప్పర్లు 1947లో 'హంప్టీ డంప్టీ'తో వచ్చాయి. అప్పటిదాకా గోళీ వదిలాక ఆటగాడు చేయగలిగింది పెద్దగా లేదు. అందుకే ఇది జూదమని న్యూయార్క్ నగరం 1942లో నిషేధించింది. మేయర్ లా గార్డియా స్వయంగా సమ్మెట పట్టి యంత్రాలు పగలగొట్టాడు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర మండలి సభ్యుల ముందు, గోళీ ఏ సందులోంచి పోతుందో ముందే చెప్పి అదే సందులోంచి పంపి చూపించాడు. ఆ తర్వాత నిషేధం ఎత్తేశారు. నైపుణ్యమా, అదృష్టమా, జూదమా అన్న ఈ తర్కం చదువుతుంటే భీమవరం వాళ్లకు సంక్రాంతి గుర్తొస్తే అది నా పూచీ కాదు.

ఇక బొమ్మల సంగతి. ఆ రోజుల్లో పేరున్న కంపెనీలు గాట్లీబ్, బాలీ, విలియమ్స్ మూడూ షికాగోవే. తలపెట్టె గాజు కోసం మంచి చిత్రకారులను పెట్టుకునేవారు. గాట్లీబ్‌కు రాయ్ పార్కర్ దశాబ్దాల తరబడి గీశాడు. 1970ల్లో బాలీ గాజుల మీద డేవ్ క్రిస్టెన్సన్, పాల్ ఫారిస్ గీతలు వెలిగాయి. గాజు వెనుకవైపు నుంచి ఒక్కొక్క రంగూ సిల్క్ స్క్రీనుతో, అంటే సన్నని జాలిగుడ్డ గుండా రంగు దించి అచ్చువేసి, వెనుక బల్బులు పెడితే అది దూరం నుంచే మనిషిని పిలిచేది. నాణెం వేయించేది ఆ గాజే, కాబట్టి ఖర్చంతా అక్కడ. కింద పెట్టె పక్కబల్లలకు వచ్చేసరికి కంపెనీ చేయి బిగుసుకునేది. ఆటల గదిలో యంత్రాలను ఒకదాని పక్కన ఒకటి ఇరికిస్తారు. పక్కబల్ల కనిపించేది వరుస చివర నిలబడ్డదానికి మాత్రమే. కనిపించని చోట డబ్బు ఎవరు పోస్తారు?

అందుకని పద్ధతి ఇలా ఉండేది. పెట్టె మొత్తానికి ఒక అడుగురంగు. 1950లు, 60ల యంత్రాల్లో చాలావాటికి ఆ రంగు మీద సన్నని చుక్కలు, దారాల్లాంటి చారలు చిమ్మేవారు. ఆరాక బొమ్మ మేరకు ఖాళీ కోసిన ఒక అచ్చు (స్టెన్సిల్) ఆనించి రెండో రంగు, మరో అచ్చు ఆనించి మూడో రంగు. చాలావరకు అంతటితో సరి. అచ్చుకు తన నియమాలు ఉన్నాయి. కోసిన ఖాళీ మధ్యలో ఒక ముక్క నిలవాలంటే దాన్ని పట్టి ఉంచే అడ్డు వదలాలి. వదలకపోతే ఆ ముక్క రాలిపోతుంది. అందుకే ఆ బొమ్మల్లో నక్షత్రం మధ్య చక్రానికి అటూ ఇటూ చిన్న తెంపులు కనిపిస్తాయి. కిరణాలు, మెరుపులు, బాణపు మొనలు ఎక్కువగా ఉండటానికి కూడా ఒక కారణం, అవి నేరుగా కోయడానికి వీలైనవి కావడమే. అచ్చును పలకకు జిగురుతో అంటించరు. ఆనిస్తారు, కొడతారు, తీస్తారు, తర్వాతి పెట్టెకు వెళతారు. ఆ తొందరలో అచ్చు ఎక్కడ కొంచెం లేచి ఉంటే అక్కడ గాలితో పాటు రంగు కిందకు దూరుతుంది. నేను పొగ అన్నది దాన్నే. రెండో అచ్చు రవ్వంత జరిగితే నీలం కిరణం ఎర్ర నక్షత్రాన్ని రాసుకుంటుంది. అందువల్ల ఒకే నమూనా యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి చూసినా పక్కబల్లలు ఒకదానికొకటి పూర్తిగా సరిపోవు.

సేకర్తల్లో చాలామంది దీన్ని కంపెనీ నిర్లక్ష్యం అంటారు. పునరుద్ధరణలో సరిచేయవలసిన లోపంగా చూస్తారు. గాజు మీద చిత్రకారుడి సంతకం ఉండవచ్చు. పక్కబల్ల కొట్టిన కార్మికుడు ఎవరో ఎక్కడా రాసి లేదు. ఆ మనిషి రంగు చిమ్మే గన్ను ఎటువైపు నుంచి పట్టుకున్నాడో, ఎంత వేగంగా కదిలాడో తెలిపే ఆనవాలు ఆ చెదిరిన అంచు ఒక్కటే. దాన్ని 'శుభ్రం' చేస్తే మిగిలేది నక్షత్రం ఆకారం. నక్షత్రం ఆకారం కావాలంటే ఐదో తరగతి పిల్లవాడు కూడా గీసిస్తాడు.

నా యంత్రం బాలీ వాళ్లు 1970ల చివర చేసినది, నలుగురు వంతులవారీగా ఆడేది. విశాఖలో మూతబడిన ఒక క్లబ్బు సామాను అమ్మకంలో దొరికింది. కాళ్లు, తల విప్పి ఏస్ బండి మీద రావులపాలెం మీదుగా రాజోలు దగ్గర మా ఊరికి తెచ్చాం. వంద కిలోలకు పైగా బరువు. దించడానికి కొబ్బరి దింపు వాళ్లు సాయం పట్టారు. లోపల బోర్డు మీద బ్యాటరీ కారి రాగి గీతలను తినేసింది. ఆ కాలపు బాలీ బోర్డులకు అది మామూలు జబ్బే. దాని వైద్యం వేరే కథ. పెట్టె మాత్రం ఎడమవైపు గోడకు ఆని ఉండటం వల్ల రంగు నిలిచింది. కుడివైపు ఏళ్ల తరబడి కిటికీ ఎండ తగిలి ఎరుపు ఇటుకపొడి రంగుకు దిగింది, నీలం బూడిదయింది. కింది అంచున ప్లైవుడ్ పొరలు విడిపోయాయి. ఒక మూల చెదలు పట్టింది. రెండు పక్కలా తాళంచెవితో గీకిన పేర్లు, ఒక చోట బాణం గుచ్చిన గుండె.

ముట్టుకోవద్దనే పక్షం ఒకటి ఉంది. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది, గీకితే తిరిగి రాదు, మాసినా అరిగినా అలాగే ఉంచాలి అంటారు వాళ్లు. పొడి గాలి ఉన్న చోట, ఇంటి అడుగున నేలమాళిగల్లో యంత్రాలు దాచుకునేవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. నాకూ ఆ పక్షం మీద గౌరవం ఉంది, కానీ ఆ సూత్రం రాసినవాళ్లు కోనసీమలో ఒక వానాకాలం గడపలేదు. ఒక పక్క గోదావరి పాయలు, ఒక పక్క సముద్రం, మధ్యలో కాలువలు, చేపల చెరువులు. శ్రావణంలో బీరువాలోని బట్టలకే బూజు పడుతుంది. ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దాంతో పాటు సాగలేని పాత రంగు పెచ్చులుగా లేస్తుంది. మనం ముట్టుకోకుండా వదిలేస్తే మన గాలి ముట్టుకుంటుంది, అది ఎవరి సలహా అడగదు. కాబట్టి నిలిచి ఉన్న ఎడమ పక్కనూ ముందు పలకనూ తేలికపాటి సబ్బునీళ్లలో పిండిన మెత్తని గుడ్డతో, ఒక మూల పరీక్షించుకున్నాకే తుడిచి, మైనం పట్టించి వదిలేశాను. పడిపోయిన కుడి పక్కను మాత్రమే మళ్లీ వేయాలని నిర్ణయం.

అక్కడ మేనల్లుడు రంగంలోకి దిగాడు. "మామయ్యా, ఎడమ పక్క ఫొటో తీసి కంప్యూటర్లో తిప్పేస్తాను. గీతలన్నీ శుభ్రం చేసి వినైల్ మీద ప్రింటు వేస్తాను. సాయంత్రానికి అంటించుకోవచ్చు." వాడి మాటలో బలం లేకపోలేదు. ఖర్చు తక్కువ, రంగు నమ్మకం, చెడిపోతే ఇంకొకటి తీసుకోవచ్చు. పైగా ఇప్పుడు స్టెర్న్ కంపెనీ నుంచి వచ్చే కొత్త యంత్రాల పక్కబల్లల మీద ఉన్నవి స్టిక్కర్లే అని ఫోనులో చూపించాడు. నిజమే. 1980ల్లో సిల్క్ స్క్రీను పెట్టెల మీదికీ దిగింది, తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. కానీ నా యంత్రం ఆ కాలానిది కాదు. దాని మీద చేయి పెట్టి తడిమితే అడుగురంగు ఒక ఎత్తు, ఎరుపు ఇంకొంచెం ఎత్తు, నీలం ఎరుపును దాటిన చోట ఇంకొంచెం ఎత్తు. వినైల్ మీద అంతా ఒకే మట్టం. ఈ మాట చెబితే వాడు, "చెదిరిన అంచు కావాలంటే ఫొటోషాప్‌లో బ్లర్ పెడతాను, ఎంత కావాలో చెప్పు," అన్నాడు. సమస్యంతా ఆ 'ఎంత కావాలో' దగ్గరే ఉంది. కంప్యూటర్ బ్లర్ నక్షత్రం చుట్టూ ఒకే కొలతన వస్తుంది. గన్నుతో కొట్టినది అలా రాదు. గాలి వచ్చిన వైపు గట్టిగా, అవతల పల్చగా, లోపలి మూలల్లో ముద్దగా ఉంటుంది. అచ్చు బాగా ఆనిన చోట అసలు ఉండదు.

గోదావరి జిల్లాల్లో చేతిరాత బోర్డు ఎంత త్వరగా పోయిందో మా వయసు వాళ్లందరం చూశాం. రైసు మిల్లుల గోడలు, సినిమా హాళ్ల గుడ్డ బ్యానర్లు, ఎన్నికల గోడరాతలు, పడవల మీద పేర్లు, లారీల వెనుక శ్లోకాలు, అన్నీ చేతిపనే. ఫ్లెక్సీ వచ్చాక అదంతా కొద్ది ఏళ్లలో ఖాళీ అయింది. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత శుభలేఖల మీదికీ దుకాణాల బోర్డుల మీదికీ ఎక్కి, చివరకు కంప్యూటర్ ఫాంటుగా మారింది. మా ఆర్టిస్టు గారు ఆ ఒరవడిలో వందల బోర్డులు రాశారు. "ఫాంటు బాగానే ఉంటుంది మాస్టారూ, కానీ రెండు లకారాలు పక్కపక్కన పడితే కవలపిల్లల్లా ఉంటాయి," అంటారు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) పేరిట చిత్రశాల ఉంది, ఉండవలసిందే. బోర్డు ఆర్టిస్టుల పని మాత్రం వాన కడిగేసినంత, సున్నం కప్పేసినంత. ఆయన ఇప్పుడు ఎక్కువగా దేవుడి వాహనాలకు రంగులు వేస్తున్నారు.

నా వాదన ఆయనకు కూడా నచ్చలేదని చెప్పకపోతే అన్యాయం అవుతుంది. జీవితమంతా గీత నిక్కచ్చిగా తీసిన మనిషి ఆయన. పాత పక్కబల్ల చూసి మొదట పెదవి విరిచారు. "ఇది కుర్రవాడి పనిలా ఉంది. నేను వేస్తే ఇలా ఉండదు," అన్నారు. అలాగే ఉండాలని నేను అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి. "ఈ వయసులో నా చేత గీత చెడగొట్టిస్తారా?"

అయినా పని మొదలైంది. గీకే ముందు నకలు తీసుకోవాలి. భోజనాల బల్ల మీద పరిచే మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కొని, ఎడమ పక్క మీద పరిచి, చెరగని మార్కరుతో ఒక్కో రంగుకు ఒక్కో షీటు గీశాం. బొత్తాం రంధ్రం, కాళ్ల బోల్టులు, పలక మూలలు ప్రతి షీటు మీదా గుర్తు పెట్టాలి, లేకపోతే తర్వాత రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. చెదిరిన అంచులో గీత ఎక్కడ గీయాలన్నది ఆయనకు చూడగానే తెలిసిపోయింది. రంగు అచ్చు కిందికే చిమ్ముతుంది కాబట్టి, గట్టి రంగు ముగిసిన చోటే కోత ఉండి ఉండాలి. పొగ అంతా దాని బయటిది. ఎడమ షీటును తిప్పి కుడి పక్క మీద వేసి చూస్తే పెద్ద నక్షత్రం చిటికెనవేలి వెడల్పు కిందికి ఉంది. వెలిసిపోయిన ఆ పక్క జాడలు చెప్పేది అదే. ఎడమను బట్టి సరిచేద్దామా అన్నాను. "ఆ పక్కది ఆ పక్కదే, ఈ పక్కది ఈ పక్కదే," అని ఆయన కుడి జాడలనే పట్టుకున్నారు. నా వాదనను నాకంటే ముందు ఆయన ఆచరణలో పెట్టిన సందర్భం అది. నేను ఏమీ అనలేదు.

రంగు ఎక్కడ దొరుకుతుందంటే ఎండ చూడని చోట. కాళ్లు బిగించే ఇనుప పట్టీల కింద, గాజుకు అంచుకట్టిన లోహపు రేకుల కింద అసలు రంగు అలాగే ఉంది. నేను ఇన్నాళ్లూ ఎరుపు అనుకున్నది నిజానికి నారింజ వైపు ఒరిగిన ఎరుపు. ఆ పట్టీ కింది ముక్కను కార్ల రంగులు కలిపే దుకాణంలో చూపించి ఎరుపు, నీలం కలిపించాం. తెలుపు దగ్గర ఆగవలసి వచ్చింది. పట్టీ కింద ఉన్నది పాల తెలుపు. ముందు పలక మీద ఉన్నది ఏళ్ల పొగ, మైలతో వెన్న రంగు. రెండు పక్కబల్లలు ఒకేసారి ఎవరికీ కనిపించవు, కానీ పక్కబల్ల, ముందు పలక ఒకే మూలలో కలుస్తాయి. అక్కడ పాల తెలుపు వేస్తే పాత పలక మురికిగా కనిపిస్తుంది. అందుకని ఎరుపు, నీలం అసలువి, తెలుపు మాత్రం ఈనాటి ముందు పలకది. ఇది సూత్రానికి నిలిచే నిర్ణయం కాదు. కంటికి నిలిచింది.

చెక్కపని పడవలు కట్టడం తెలిసిన వడ్రంగి చేశాడు. విడిపోయిన పొరల మధ్య జిగురు ఎక్కించి బిగించాడు, చెదలు తిన్న మూల కోసి కొత్త ముక్క అతికాడు. ఆపైన లప్పం, ఉప్పుకాగితం, ప్రైమరు. కారు తలుపులా నున్నగా తేల్చవద్దని మాత్రం గట్టిగా పట్టుబట్టాను. షికాగోలో ఈ పెట్టెలను ఎవరూ అద్దంలా రుద్దలేదు. ప్లైవుడ్ రేఖలు రంగు కింద కాస్త తెలియాలి.

తర్వాత అసలు చిక్కు, గాలి. అచ్చుల పనికి త్వరగా ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగే కావాలి, లేకపోతే రెండో అచ్చు ఆనించడానికి రోజంతా ఆగాలి. ఆ రంగులోని థిన్నరు వేగంగా ఆవిరయ్యేటప్పుడు పలక చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లగా పాలిపోతుంది. మా వైపు మాఘంలో కూడా పొద్దున్నే కొబ్బరి తోటల్లో మంచు దట్టంగా ఉంటుంది. అందుకని మంచు పూర్తిగా విడిపోయాక, ఎండ నిలబడిన మధ్యాహ్నపు గంటల్లోనే కొట్టడం, థిన్నరులో ఆరడం నెమ్మదింపజేసే రిటార్డరు కొద్దిగా కలపడం. నూర్పిళ్ల దుమ్ము ఉన్న రోజుల్లో పని ఆపేశాం. సాయంత్రం దీపం వేస్తే చాలు, చేలమీది పచ్చపురుగులు తడి రంగు మీదే వాలతాయి. తెల్ల అడుగురంగులో ఒకటి ఇప్పటికీ ఉంది, తీయలేదు.

చిన్న నక్షత్రాల అచ్చులు పాత ఎక్స్‌రే ఫిల్ముల మీద కోశారు ఆర్టిస్టు గారు. బోర్డు పనివాళ్లకు అది అలవాటైన సరుకు. పెద్ద కిరణాలకు మందపాటి అట్ట, తడికి మెత్తబడకుండా దానికి లక్క పాలిష్. మేనల్లుడు ఇక్కడ కూడా సాయానికి వచ్చాడు. వాడి దుకాణంలో ప్లాటరు ఉంది, వెనుక జిగురున్న వినైల్ మీద అచ్చు కోసివ్వగలదు. విదేశాల్లో చాలామంది పునరుద్ధరణకు వాడేది అటువంటిదే. కానీ జిగురు అచ్చు పలకకు అతుక్కుపోతుంది, రంగు దూరడానికి సందు ఉండదు, తీశాక అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది. మొదట పాత తలుపు చెక్క మీద రెండు రకాలూ కొట్టి చూశాం. జిగురు అచ్చుతో వచ్చిన నక్షత్రం అందంగానే ఉంది. ఆ అందం ఈ యంత్రానిది కాదు, అంతే.

అట్ట అచ్చుతో కూడా ఆర్టిస్టు గారికి అంచు నిక్కచ్చిగానే వచ్చేది. ఆయన వేళ్లతో అచ్చు అంచులన్నీ అదిమి, గన్ను నిటారుగా పట్టి, ఊపిరి బిగబట్టి కొట్టేవారు. చెదరాలని చెబితే కావాలని గన్ను ఊపారు. అది ఊపినట్టే కనిపించింది, దెబ్బతిన్న పనిలా. ఇద్దరికీ విసుగొచ్చింది. చివరకు ఆయనే అన్నారు: "వాళ్లకు రోజుకు ఎన్ని పెట్టెలు పడేవో. ఇలా అదుముతూ కూర్చుంటే మేస్త్రీ ఊరుకుంటాడా?" అట్టను చెక్కకు ఆనించి, రెండు మూలల్లో మాత్రం పట్టుకుని, గన్ను ఒక్క ఊపున ఎడమ నుంచి కుడికి లాగి, అచ్చు తీసేశారు. తీసి చూస్తే ఎడమవైపు గట్టి అంచు, కుడివైపు సన్నని పొగ, లోపలి మూలలో రవ్వంత ముద్ద. పాత పక్కబల్ల మీద ఉన్నదానికి దగ్గరి చుట్టం. "చెడగొట్టక్కర్లేదు మాస్టారూ, తొందరపడితే చాలు," అన్నారు.

దీని మీద ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. ఆ తొందర షికాగో కార్మికుడికి కూలి కోసం తప్పనిది; మా వరండాలో టీ తాగుతూ చేసిన తొందర నటన కాదా? కొంతవరకు నటనే. కానీ ఫొటోషాప్ బ్లర్‌కు, దీనికి తేడా ఉంది. ఇక్కడ అంచు చెదరడానికి అచ్చు లేవడం, గాలి దూరడం, చేయి కదలడం కారణాలు. పాతదానికీ అవే కారణాలు. కారణం అదే అయినప్పుడు ఫలితాన్ని నకిలీ అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో ఆక్షేపణ మా వీధి నుంచే వచ్చింది. గుడికి ఎప్పటికప్పుడు రంగులు వేస్తాం, పాత రంగు ఏమయిందని ఎవరూ అడగరు. ఒక ఆటపెట్టెకు ఇంత శాస్త్రమా? దీనికి జవాబు మా కోనసీమలోని జగ్గన్నతోటలో ఉంది. కనుమ నాడు ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి గుడ్డలతో అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన చట్రాలు, అక్కడికి చేరతాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ నీళ్లలోకి దిగి, భుజాల మీద ఒడ్డెక్కుతాయి. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఆ ప్రభల తీర్థమే. ప్రభ అలంకరణ ఏటా కొత్తదే. గుడ్డ కొత్తది, రంగు కాగితాలు కొత్తవి. నిరుటి గుడ్డ దాచిపెట్టాలని ఎవరూ అనరు. కానీ వెదురు వంచే తీరు, కట్టే కట్టు, మోసేవాళ్లు నిలబడే వరుస మారవు. రేపు ఎవరైనా వెదురు బదులు అల్యూమినియం చట్రం తెచ్చి, దాని మీద ప్రభ ఫొటో ఫ్లెక్సీ బిగించి పొలాల్లో నడిపిస్తే మన వీధివాళ్లే మొదట కేకలేస్తారు. పదార్థం పోయినా పద్ధతి నిలవాలని మనకు తెలియనిది కాదు. యంత్రం విషయంలో ఆ తెలివిని ఎందుకు పక్కన పెట్టాలన్నదే నా ప్రశ్న.

అలాగని అరిగినదంతా పవిత్రమని నేను అనను. కుడి పక్క మీద గీకిన పేర్లను లప్పంతో పూడ్చేశాను, ఏ బాధా లేదు. పేరు గీకడం ఆటలో భాగం కాదు, పెట్టె తయారీలో భాగం అంతకన్నా కాదు. ఎడమ పక్క మీద బాణం గుచ్చిన గుండె మిగిలింది, ఎందుకంటే దాన్ని తీయాలంటే బాగున్న రంగును తీయాలి. పైన కార్లకు కొట్టే మెరుపు వార్నిషు కొట్టించమని చాలామంది చెప్పారు. ఒద్దన్నాను. కొత్త పక్కకు తేమ నుంచి కాపుదలగా మెరుపు తక్కువ ఉన్న పల్చని పూత ఒకటి వేశాం. పాత పక్కకు మైనమే. మైనం ఎప్పుడైనా తుడిచేయవచ్చు, వార్నిషు తుడవలేం.

తలపెట్టె గాజును ఏం చేస్తారని మిత్రులు అడుగుతున్నారు. ఏమీ చేయను. పాత బల్బుల వేడికి గాజు వెనుక రంగు అక్కడక్కడ పొక్కులు లేచి రాలింది. అది సిల్క్ స్క్రీను పని. ఆ పద్ధతిలో మళ్లీ వేసే శక్తి మా ముగ్గురికీ లేదు. కుంచెతో నింపితే వెలుగు దాని గుండా వేరే రకంగా వస్తుంది. ఆ ఒక్క గాజు దగ్గర ముట్టుకోవద్దనే పక్షంలో నేనూ కూర్చుంటాను. బల్బులు తీసి వేడి తక్కువ ఉన్న ఎల్‌ఈడీలు పెట్టాను, గాజును కదిలించేటప్పుడు వెనుకవైపు చేయి తగలకుండా చూసుకుంటున్నాను.

ఈ మధ్య కాకినాడలో ఒకాయన తన యంత్రం పక్కబల్లలు చూడమని పిలిచారు. అది 2000ల తర్వాతిది, ఫ్యాక్టరీలోనే స్టిక్కరు అంటించి పంపినది. ఆర్టిస్టు గారి నంబరు అడిగారు. మా మేనల్లుడి నంబరు ఇచ్చాను. ఆ యంత్రానికి వినైలే అసలు పద్ధతి, దాని మీద గన్నుతో పొగ చిమ్మితే అది నా పక్షం వాదన పట్ల అపచారం. పాత జిగురు మూలల్లో కూడా పూర్తిగా తీశాకే కొత్తది అంటించమని, అదీ వానలు మొదలయ్యే లోపే చేయమని మాత్రం వాడికి చెప్పాను.